ఇంట్లో జరిగిన మంచి, వీధిలో జరగని పని

2024 జూన్ 4 సాయంత్రం జగన్మోహన్ రెడ్డి విలేకరుల ముందుకొచ్చి, అక్కచెల్లెమ్మల ఓట్లు, అవ్వాతాతల ఓట్లు ఏమయ్యాయో అర్థం కావడం లేదన్నారు. 2019లో 175 అసెంబ్లీ సీట్లకు 151 గెలిచిన వైసీపీ 11కి పడిపోయిన రోజది. ఆ గొంతులో బాధ నిజమైనదే, అనుమానం లేదు. కానీ ఆ ప్రశ్న అడిగిన తీరులోనే సగం జవాబు ఉందనిపించింది నాకు. ఇంత ఇచ్చాం కదా, మరి ఓట్లేవి అన్నట్టుగా ఉంది. ఐదేళ్లూ పార్టీ జనంతో మాట్లాడింది కూడా ఈ ధోరణిలోనే.

మా బావ ఇప్పటికీ అదే ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉన్నాడు. చీరాల పక్క పల్లె, ఆ పార్టీ పుట్టిన 2011 నుంచి జెండా మోసిన మనిషి. పండక్కి వెళ్లినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే వాదన. "రెండున్నర లక్షల కోట్లకు పైగా నేరుగా ఖాతాల్లో వేశాడు. మధ్యలో రూపాయి లంచం లేదు. దేశంలో ఎవడన్నా చేశాడా బామ్మర్దీ?" అంటాడు. ఆ లెక్క పార్టీ చెప్పుకున్నదే అయినా, డబ్బు పడిందన్నది అబద్ధం కాదు. నాకు తెలిసిన ఇళ్లలో పడింది.

ముందే ఒక మాట. ఉచితాలిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారని వాట్సాప్‌లో వాపోయే బృందంలో నేను లేను. ఆ మెసేజ్‌లు పంపేవాళ్లలో చాలామంది ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం మార్చి నెలంతా రసీదులు ఏరుకునేవాళ్లే. కౌలు చేసుకునే ఇంట్లో బడి తెరిచే జూన్ నెలలో అమ్మ ఒడి కింద పదమూడు వేలు పడితే ఆ ఇంటికి అదేమిటో నాకు తెలుసు. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లక్కర్లేని నెల అది. కాబట్టి పంచడం తప్పని నేననడం లేదు. మిగతా వాటికి ఏమీ మిగల్చకుండా పంచడం ఒక తప్పు. పంచినదాన్ని జనానికి చెప్పిన తీరు దానికి మించిన తప్పు. నా వాదన ఇంతే.

చెప్పిన తీరు సంగతి ముందు చూద్దాం. "మీ ఇంట్లో మంచి జరిగి ఉంటేనే నాకు ఓటెయ్యండి" అన్నది 2024 ప్రచారానికి వెన్నెముక. వినడానికి ధైర్యమున్న మాట. ఏ నాయకుడు అలా అడగగలడు అని మా బావ మురిసిపోయేవాడు. కానీ ఆ మాట ఓటరును ఏం చెయ్యమంటోంది? ఇంటి తలుపేసుకుని కూర్చుని లెక్క చూసుకోమంటోంది. గడప గడపకు మన ప్రభుత్వం కార్యక్రమంలో ఎమ్మెల్యేలు ఇంటింటికీ వెళ్లినప్పుడు, ఆ కుటుంబానికి ఏ పథకంలో ఎంత వచ్చిందో రాసిన కాగితం చేతిలో పెట్టేవారు. మా పిన్ని ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. ఆసరా ఇంత, చేయూత ఇంత, అడుగున మొత్తం ఇంత. తర్వాత కాగితం తిరగేసి, వెనకాల తెల్లగా ఉన్నవైపు మనవడి పెన్సిల్‌తో తన లెక్క రాసుకుంది. కరెంటు బిల్లులో ట్రూ అప్ ఛార్జీలు. మునిసిపాలిటీవాళ్లు నెలనెలా వసూలు చేసే చెత్త పన్ను. బాబాయి రోజూ సాయంత్రం ప్రభుత్వ దుకాణంలో పెట్టే ఖర్చు. సంపూర్ణ మద్య నిషేధం అని చెప్పి వచ్చిన ప్రభుత్వపు దుకాణం అది, పైగా అక్కడ దొరికేవి ఎవరూ పేరు వినని బ్రాండ్లు. ఆ చివరి పద్దు దగ్గర పిన్ని పెన్సిల్ ఆగింది, ఇంకో సున్నా చేర్చాలా అన్నట్టు. "వచ్చింది వాళ్లు రాశారు, పోయింది నేను రాశాను" అంది.

పిన్ని ఎవరికి ఓటేసిందో నేనడగలేదు. నాకు తట్టిన విషయం వేరే. లెక్క చూసుకోమని కాగితం ఇచ్చింది పార్టీయే. కాగితానికి రెండువైపులు ఉంటాయన్న ఆలోచన వాళ్లకు రాలేదు.

లెక్కల పోటీలో ఇంకో చిక్కుంది. అధికారంలో ఉన్నవాడు ఖజానా చూసి అంకె చెప్పాలి, బయట ఉన్నవాడికి ఆ బాధ లేదు. 2024 ఏప్రిల్ 27న వైసీపీ మేనిఫెస్టో వచ్చింది. మూడు వేల పింఛన్‌ను 3,500 చేస్తామన్నారు, అదీ 2028 జనవరిలో 250, 2029 జనవరిలో ఇంకో 250. మూడు రోజుల తర్వాత టీడీపీ, జనసేన, బీజేపీల కూటమి మేనిఫెస్టో వచ్చింది. నాలుగు వేలు, అదీ ఏప్రిల్ నుంచే లెక్కగట్టి బకాయితో సహా. అమ్మ ఒడి ఇంటికి ఒక్కరికి కాదు, ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ పదిహేను వేలు. రైతుకు ఇరవై వేలు. ఆడవాళ్లకు నెలకు పదిహేను వందలు, ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు, ఉచిత బస్సు. నా అంచనాలో వైసీపీ మేనిఫెస్టోయే ఎక్కువ నిజాయితీ ఉన్నది. ఖజానా సంగతి తెలిసినవాడు రాసిన కాగితం అది. కానీ ఐదేళ్లపాటు "ఎంత వచ్చిందో చూడు, ఎంత వచ్చిందో చూడు" అని అలవాటు చేసి, ఆఖరి నెలలో "ఎంతని చూడకు, ఎవరిస్తున్నారో చూడు" అంటే చెల్లుతుందా? 66 లక్షల పింఛన్ ఇళ్లలో 250కీ వెయ్యికీ తేడా తెలియనివాళ్లు ఎవరున్నారు?

"మాట తప్పని మనిషి కదా, జనం నమ్మాల్సింది" అంటాడు బావ. ఉద్యోగుల దగ్గర ఆ వాదన ఎప్పుడో పోయింది. వారంలో సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పింఛన్ పద్ధతి రద్దన్న హామీ ఐదేళ్లయినా రాలేదు, జీపీఎస్ అని ఇంకేదో వచ్చింది. 2023 మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ సీట్లు మూడింటికి మూడూ టీడీపీకి వెళ్లిపోయాయి. ఆ ఓటర్లు మా ఓటర్లు కారు అన్నారు పార్టీవాళ్లు. చదువుకున్న పిల్లలు ఆ పింఛన్ ఇళ్లలోనే ఉంటారు కదా బావా అంటే బదులు లేదు.

ఇక ఖర్చు. మీ ఇంట్లో మంచి జరిగిందా అని అడిగిన పార్టీ, మీ వీధిలో ఏం జరిగిందని అడగలేదు. అడగలేకపోయింది అనడం సబబు. రోడ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 2021లో జనసేన గుంతల ఫొటోలతో ఒక ఉద్యమమే నడిపింది, గాంధీ జయంతి నాడు పవన్ కల్యాణ్ శ్రమదానం అంటూ దిగితే అది రాష్ట్రమంతా వార్త అయింది. గుంతను ఎవరూ కల్పించనక్కర్లేదు, ఫొటో తీస్తే చాలు. ఇంటికి సగటున ఎంత పంచారన్నది లెక్కల్లో కనిపిస్తుంది. రోడ్డు మాత్రం ఆసుపత్రికి పోయే ప్రతిసారీ నడుముకు తగులుతుంది.

పంచాయతీల సంగతి ఇంకా విడ్డూరం. 2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచుల్లో ఎక్కువమంది ఆ పార్టీ మద్దతుదారులే. ఆర్థిక సంఘం నుంచి పంచాయతీలకు వచ్చిన నిధులను విద్యుత్ బకాయిల కింద జమ చేసుకుంటే, ఆ సర్పంచులే రోడ్డెక్కి ధర్నాలు చేశారు. వీధి దీపం కాలిపోతే బల్బు మార్చడానికి డబ్బుల్లేని సర్పంచ్ ఊళ్లో ఏ మొహంతో తిరుగుతాడు? ఇంటింటికీ డబ్బు పడుతున్న ఊళ్లో సర్పంచ్ జేబు ఖాళీ. ఎమ్మెల్యే పరిస్థితీ అదే. ఖాతాల్లో డబ్బు వేసే బటన్ ముఖ్యమంత్రి నొక్కుతారు, పేరు ముఖ్యమంత్రికి వస్తుంది. గుంత గురించి తిట్లు మాత్రం ఎమ్మెల్యేకి. అప్పట్లో అదే పార్టీ ఎమ్మెల్యేగా ఉన్న ఆనం రామనారాయణరెడ్డి ఈ విషయం బహిరంగంగానే అడిగారు. పింఛన్లు గత ప్రభుత్వమూ ఇచ్చింది, వాటికే ఓట్లు పడతాయా, రోడ్లు వెయ్యకుండా ఏమని అడగాలి అని. ఆయన తర్వాత పార్టీ మారి మంత్రి అయ్యారు కాబట్టి ఆ మాటలో స్వార్థం లేదని నేను అనను. కానీ ప్రశ్న సరైనదే. పార్టీ జవాబు ఏమిటంటే పదుల సంఖ్యలో ఎమ్మెల్యేలను మార్చడం, ఒక ఊరి నాయకుణ్ణి ఇంకో ఊరికి పంపడం. నిధులివ్వని ఎమ్మెల్యేకి చెడ్డపేరు వస్తే, తీసుకెళ్లి పక్క నియోజకవర్గంలో నిలబెడితే పేరు మారుతుందా?

డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియని పార్టీ మాత్రం కాదది. పథకాలు ఇంటింటికీ చేర్చే వాలంటీరు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రెండు వందలు ఇవ్వచ్చని 2022లో ఉత్తర్వు వచ్చింది. రెండున్నర లక్షల మందికి లెక్కేస్తే నెలకు ఐదు కోట్లు. విస్తృత సర్క్యులేషన్ ఉన్న పత్రిక అన్నారు గానీ పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, జగన్ కుటుంబ పత్రికేనని అందరికీ అర్థమైంది. పోటీ పత్రికవాళ్లు కోర్టుకెళ్లారు. నెలకు ఐదు కోట్లంటే ఎన్ని ఊళ్లలో వీధి దీపాలు వెలిగేవో మా బావే ఒకసారి లెక్కగట్టి, చెప్పకుండా మానేశాడు.

వాలంటీర్ల దగ్గర ఇంకో పెద్ద తప్పు దాగి ఉంది. బయటివాళ్లు దాని గురించి పెద్దగా మాట్లాడలేదు, కార్యకర్తలకు మాత్రం బాగా తెలుసు. యాభై ఇళ్లకు ఒక వాలంటీరు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం. పింఛన్ పొద్దున్నే గుమ్మంలో. సేవగా చూస్తే నాకు ఆ ఏర్పాటు మీద గౌరవముంది, మంచంలో ఉన్న మా పెద్దమ్మకు అది దేవుడిచ్చిన వరం. కానీ పార్టీ తన సొంత ఇల్లు పాడుపెట్టుకుని ఆ మేడ కట్టుకుంది. అంతకుముందు పింఛన్ రాకపోతే, రేషన్ కార్డు ఆగితే, జనం బావ లాంటివాడి దగ్గరికి వచ్చేవారు. బావ మండలాఫీసుకు తిరిగేవాడు, పని చేయించేవాడు. ఎన్నికలప్పుడు ఆ ఇంటికి వెళ్లి అడిగే హక్కు అలా వచ్చేది. 2019 తర్వాత బావ దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. ఫోన్‌లో వాలంటీరు ఉండగా బావ ఎందుకు? పార్టీ కోసం చొక్కా చించుకున్నవాడు సొంత ప్రభుత్వంలో అరుగు మీద కూర్చుని పేపరు చదువుకున్నాడు.

2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లు పింఛన్లు పంచకూడదంది. ఏప్రిల్ మొదటి వారంలో ఎండలో ముసలివాళ్లు సచివాలయాల ముందు పడిన అవస్థ అందరం టీవీలో చూశాం. పాపం టీడీపీదని వీళ్లు, ప్రభుత్వానిదని వాళ్లు. ఎవరిదైనా, ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయే యంత్రం మీద ఎన్నిక మొత్తం ఆధారపెట్టుకోమని ఎవరు చెప్పారు? ఐదేళ్ల ఖర్చు, ఐదేళ్ల ప్రచారం ఆ యంత్రం మీదే పెట్టారు. అది ఆగిన రోజున మళ్లీ బావని పిలిచారు. వెళ్లాడు, పాపం. ఐదేళ్లుగా ఎవరి గుమ్మమూ ఎక్కనివాడు హఠాత్తుగా ఎక్కితే జనం నీళ్లిచ్చి కూర్చోబెట్టారు గానీ మనసు విప్పి మాట్లాడలేదట.

బొమ్మల పిచ్చి గురించి కూడా చెప్పాలి. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులేసి, హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టు దాకా పోయి 2020లో చెరిపించుకున్నారు. అంతటితోనైనా ఆగాల్సింది. భూముల రీసర్వే మొదలుపెట్టారు, వందేళ్ల తర్వాత ఎవరో పూనుకోవాల్సిన పనే అది. ఆ పని చేసి హద్దురాళ్ల మీద జగనన్న పేరు, పట్టాదారు పాస్‌పుస్తకం అట్ట మీద ఆయన ఫొటో వేశారు. తాత ముత్తాతల నాటి రెండెకరాల చెక్క, దాని పుస్తకం మీద ఇంకొకరి నవ్వు మొహం. తర్వాత ల్యాండ్ టైటిలింగ్ చట్టం గురించి ప్రతిపక్షం "మీ భూమి లాక్కుంటారు" అని ఊరూరా చాటింది. చట్టంలో అలా లేదని ప్రభుత్వం ఎంత చెప్పినా వినిపించలేదు. నా దృష్టిలో ఆ ప్రచారంలో అతి చాలా ఉంది. భయపెట్టి ఓట్లడగడమే అది. కానీ నమ్మడానికి కావలసిన సాక్ష్యం రైతు ఇంట్లో బీరువాలోనే ఉంది, ఫొటోతో సహా. బొమ్మ వేసిన ఖర్చుకు వచ్చిన ఫలితం అదీ.

ఎన్నికల ముందు పంచి ఓడడం మనకు కొత్త కాదు, ఒక్క పార్టీ జబ్బూ కాదు. 2019లో చంద్రబాబు పింఛన్ వెయ్యి నుంచి రెండు వేలు చేశారు, పసుపు-కుంకుమ అని డ్వాక్రా మహిళలకు మూడు విడతల్లో పదివేలు ఇచ్చారు. 23 సీట్లొచ్చాయి. హుజూరాబాద్ ఉప ఎన్నికకు ముందు 2021లో కేసీఆర్ దళిత బంధు అక్కడే మొదలుపెట్టారు, కుటుంబానికి పది లక్షలు. అయినా బీజేపీ తరఫున నిలబడ్డ ఈటల రాజేందర్ దాదాపు 24 వేల మెజారిటీతో గెలిచారు. మరి 2009లో? టీడీపీ నగదు బదిలీ, కలర్ టీవీలు అంది. రాజశేఖర రెడ్డి మనిషికి ఆరు కిలోల బియ్యం, తొమ్మిది గంటల కరెంటు అని రెండు ముక్కలు చెప్పి, చేసినవి చూసి ఓటెయ్యమన్నారు. అత్తెసరు మెజారిటీయే అయినా గెలిచారు. జనం డబ్బు వద్దంటారని కాదు. డబ్బు తీసుకుంటారు, తీసుకున్నందుకు రుణపడ్డామని మాత్రం అనుకోరు. ఎందుకనుకోవాలి? పన్ను కట్టింది వాళ్లే కదా. అగ్గిపెట్టె కొన్నా కడుతున్నారు.

బావ దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయలేను. 2019లో దాదాపు యాభై శాతం, 2024లో 39 శాతానికి పైగా. సీట్లు 11 అయినా పదిమందిలో నలుగురు ఓటేశారు, మూడు పార్టీలు ఏకమై ఎదురుగా నిలబడినా. "ఆ నలుగురూ ఎవరనుకున్నావు? పథకాలు అందినవాళ్లే. అవి లేకపోతే ఆ పదకొండు కూడా రావు" అంటాడు. కావచ్చు. మే 13న నేను ఓటేసిన బూత్ దగ్గర కర్ర ఊతంతో వచ్చిన ముసలమ్మలు కొందరు ఫ్యాను గుర్తు ఎక్కడుందని పైకే అడిగారు. పథకం ఓట్లు తేలేదని నేననను. తేగలిగినంత తెచ్చింది. పోయిన పది శాతం పథకం అందక పోలేదు, వేరే చోట పోయింది. ఆ చోటికి పెట్టడానికి డబ్బూ మిగల్లేదు, చెప్పడానికి మాటా లేదు.

నిజానికి మాట ఉంది. నాకు కోపం తెప్పించేది ఇదే. నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు బాగుచేశారు. మా ఊరి బడి నేను చదివినప్పుడు వానొస్తే సెలవు. ఇప్పుడు బల్లలున్నాయి, మరుగుదొడ్లలో నీళ్లొస్తున్నాయి, గోడల మీద బొమ్మలున్నాయి. పదిహేడు మెడికల్ కాలేజీలు తలపెట్టి, 2023 సెప్టెంబరులో ఐదింట్లో తరగతులు మొదలుపెట్టారు. రామాయపట్నం రేవు పనులు కళ్లముందు సాగాయి. ఇవి ఎవరి ఇంట్లోనూ జరిగిన మంచి కాదు, అందరిదీ. ఏ ప్రతిపక్షమూ దీని మీద ఇంకో వెయ్యి ఎక్కువ పాడలేదు. 2024 ఎన్నికల ముందు పెట్టిన సిద్ధం సభల్లో వీటి ప్రస్తావన లేదని కాదు. కానీ రాప్తాడు సభ నుంచి ఇంటికొచ్చిన బావని ఏం చెప్పాడని అడిగితే బటన్ల లెక్కే అప్పజెప్పాడు. సభకు వెళ్లినవాడి నోట ఏది మిగిలిందో అదే ప్రచారం. మిగిలింది అంకె.

ఇప్పుడు కూటమి ఏమన్నా నేర్చుకుందా? 2025 సెప్టెంబరులో అనంతపురంలో "సూపర్ సిక్స్ - సూపర్ హిట్" అని పెద్ద సభ పెట్టారు. తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, స్త్రీశక్తి బస్సు, మళ్లీ అంకెలు. ఆడవాళ్లకు నెలకు పదిహేను వందలన్న ఆడబిడ్డ నిధి తొలి ఏడాదిలో మొదలే కాలేదు, దాని గురించి ఆ సభ హోరులో ఎవరికి వినిపిస్తుంది? రోడ్ల గుంతలు పూడ్చే పని వచ్చిన ఏడాదే మొదలుపెట్టారు, అది ఒప్పుకోవాలి. కానీ పండగ చేసుకోవలసి వచ్చినప్పుడు వాళ్లకీ గుర్తొచ్చింది ఖాతాలే. వైసీపీ ప్రతిపక్షంలో చేసిందీ అదే. ఇంటింటికీ క్యూఆర్ కోడ్ పట్టుకెళ్లి, చంద్రబాబు మీకు ఇంత బాకీ అని చూపించింది. లెక్క తిరగబడింది, మనుషులు మారారు.

అయితే 2025 చివర్లో ఇంకోటి జరిగింది. కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ పద్ధతిలో ప్రైవేటుకు అప్పగించడం మీద వైసీపీ కోటి సంతకాల సేకరణ పెట్టింది. జగన్ నర్సీపట్నం దగ్గర సగం కట్టిన కాలేజీకి వెళ్లి దాని ముందు నిలబడి మాట్లాడారు. బావ మా ఊళ్లో సంతకాల కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "ఈసారి కూర్చోబెట్టి మాట్లాడారోయ్. కాఫీ కూడా ఇచ్చారు. మన జిల్లా కాలేజీ ఏమవుతుందని వాళ్లే అడిగారు" అని ఫోన్‌లో చెప్పాడు. ఆ ఇళ్లలో టీడీపీవాళ్లవి కూడా ఉన్నాయట. మరి ఈ కాలేజీల గురించి 2024 ఏప్రిల్‌లో ఎన్ని ఇళ్లలో చెప్పారు బావా అని అడిగాను. "అప్పుడు మాకిచ్చిన కరపత్రంలో పథకాల లిస్టే ఉందిలే" అన్నాడు.